అన్నియు నొకటే యనువారికిని, అన్నియు వేఱే యనువారికిని

మన సభలలో “సర్వమతములు నొకటే” యను మాట వినబడని సంవత్సరము లేదు. అధ్యక్షోపన్యాసములో నొకమాఱు, వందనసమర్పణలో నొకమాఱు ఆ మాట వచ్చును, కరతాళధ్వనులు మ్రోగును, అందఱు భోజనమునకు లేతురు. ఆ మాటను నమ్మి మఱునాడు తన పొరుగువాని దైవమును గూర్చి ఒక్క ప్రశ్న యడిగినవానిని మేమింతవఱకు చూడలేదు. రెండవ వర్గమువారు వేఱొకరు కలరు. వీరు వేదిక నెక్కరు. కొండ కేగు త్రోవలో మాటాడుదురు. రేణుకామాత వేఱు, పల్లెటూరి ఎల్లమ్మ వేఱనియు, దత్తస్వామి మనవాడు, సోనాపీరు వారివాడనియు, మహానుభావుల మఠముతో మనకేమి పనియనియు వీరి వాదము. మొదటివారు పూలను చూడకయే దండ యున్నదందురు. రెండవవారు పూలను ఒక్కొక్కటిగ లెక్కపెట్టి దారమే లేదందురు. ఈ యుభయులతోడను మాకు తగవు కలదు. మాహూరు కొండ నీడలో కాపురముండువారము గనుక ఆ తగవును మూటకట్టి దాచుకొనుట మాకు తగదు.

మొదట మన ఉనికిని గూర్చి రెండు మాటలు. మనలో నేతపనికి, రాతిపనికి, వర్తకమునకు వచ్చి యిచ్చట నిలిచినవారు కలరు. ఎక్కడినుండియు రానివారును కలరు. హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండిన కిన్వట్ తాలూకా 1956 నవంబరు 1వ తేదీన బొంబాయి రాష్ట్రమున కలిసినది. 1960 మే 1వ తేదీన అది మహారాష్ట్రమైనది. ఇంటివారు కదలలేదు, పొలిమేరయే కదలి వారి యింటిని దాటిపోయినది. మాహూరు నేడు నాందేడు జిల్లాలో ప్రత్యేకముగ నొక తాలూకా. ఇట్లు అల్పసంఖ్యాకులమైన మనకు రెండు బెదురులు పట్టుకొన్నవి. నలుగురిలో మోటువారుగ కనబడుదుమేమో యనునది యొకటి. పిల్లలు మన మాటను మఱతురేమో యనునది రెండవది. మొదటి బెదురుచేత మనము చేయుచున్న పనులే రెండవదానిని నిజము చేయుచున్నవి. మేము వ్రాయుచున్నది మతమును గూర్చియే యైనను ఈ సంగతి దాని నడుమ నున్నది.

ఇక కొండ. ఒక శిఖరమున రేణుక, ఒక శిఖరమున దత్తాత్రేయుడు, మఱియొక శిఖరమున ఆయన తల్లి అనసూయ. దేవదేవేశ్వరమున మహానుభావ సంప్రదాయమువారి స్థానము. సోనాపీరు దర్గా ఉన్నది. సమీపమున వజ్రా గ్రామము కడనున్న జలపాతమునకు శేఖ్ ఫరీదు పేరు. మహారాష్ట్రమున మూడున్నర శక్తిపీఠములని చెప్పబడు వానిలో మాహూరొకటి. అమ్మవారికి రోట నూఱిన తాంబూలము నివేదనము, భక్తులకు అదియే ప్రసాదము. దత్తస్వామి పగలెక్కడ తిరిగినను రాత్రి నిద్ర ఈ కొండపైనే యని భక్తుల నమ్మిక. ఇన్ని మార్గములు ఒకచోట కూడుట వింత కాదు. అట్టి కొండలు దేశమున పెక్కు కలవు. వింత యేమనగా, ఇవి యొకదాని సిద్ధాంతము నొకటి ఒప్పుకొనకయే యొక కొండపై నున్నవి. ఈ ముక్కను మన వేదికలమీది వక్తలు చెప్పరు.

దత్తుని సంగతియే చూడుడు. మన యిండ్లలోని పటమున ఆయనకు మూడు శిరస్సులు, వెనుక ఆవు, ముందు నాలుగు కుక్కలు. మహానుభావులకు దత్తాత్రేయ ప్రభువు ఏకముఖుడు, త్రిమూర్తుల కూర్పు కాడు, పంచకృష్ణులలో నొకడు. మాహూరులో ఆయన శక్తి చాంగదేవ రావుళునకు, ఆయననుండి ఋద్ధిపురమునందలి గోవిందప్రభువునకు, ఆ గోవిందప్రభువునుండి పదమూడవ శతాబ్దమున చక్రధరస్వామికి సంక్రమించెనని వారి పరంపర చెప్పును. జీవుడు, దేవత, ప్రపంచము, పరమేశ్వరుడు అను నాలుగును నిత్యముగ వేఱువేఱనియు, దేవతలకు మోక్షమిచ్చు అధికారము లేదనియు వారి సిద్ధాంతము. అనగా రేణుక ముందు సాగిలపడి మోక్షమడుగుట వారి శాస్త్రమున వ్యర్థము. అద్వైతి జీవుడే బ్రహ్మమనును. దర్గాకు వచ్చు ముసల్మాను అల్లా తప్ప వేఱు దైవము లేదనును. ఈ మూడును ఒకటే యనువాడు మూడింటిలో నొక్కదానినైనను చెవియొగ్గి విన్నవాడు కాడు. ఐకమత్యము పేరిట చేయు అవమర్యాదలలో ఇది పెద్దది.

పశ్చిమ దేశములందును ఈ తగవు నడచినది. ఆల్డస్ హక్స్‌లీ 1945లో ప్రకటించిన గ్రంథమున, సర్వమతములందలి మర్మజ్ఞుల అనుభవము ఒకే సనాతన తత్త్వమునకు సాక్ష్యమనెను. 1957లో జేనర్ పండితుడు అది తొందరపాటనెను. ప్రకృతిలో లీనమగుట వేఱు, ఆత్మలో ఒంటిగ నిలుచుట వేఱు, ప్రేమచే ఈశ్వరుని చేరుట వేఱని విడదీసెను. 1978లో స్టీవెన్ కాట్జ్ ఇంకను ముందునకు పోయి, యూదుని అనుభవమును యూదమతమే, బౌద్ధుని అనుభవమును బౌద్ధమే ముందుగ తీర్చిదిద్దుననియు, సంస్కారము సోకని శుద్ధానుభవమే లేదనియు వాదించెను. కాట్జ్ మాటలో సగమునకు మే మొప్పుకొందుము. మన ముసలమ్మకు కలలో కనబడు ఎల్లమ్మ పసుపుతో, వేపకొమ్మతో కనబడును గాని సిలువతో కనబడదు. మిగిలిన సగమునకు ఒప్పుకొనము. బావులలో నీళ్ల రుచి వేఱైనంత మాత్రమున బావి త్రవ్వు పని వేఱు కాదు. మర్మజ్ఞులందఱు చేసినది త్రవ్వకము. తీసిపోయవలసిన మన్ను “నేను” అనునది. దారమున్నచో అచ్చట నున్నది. సిద్ధాంతములలో దానిని వెదకుట వృథా.

మార్మికత యనగానే మనవారికి గుహలు, జడలు, మహిమలు తోచును. ఆ మాట పుస్తకములది. పల్లెవారికి తమ మాటలే యున్నవి: గుట్టు, ఎఱుక, బయలు. శివరామ దీక్షితుల పేరిట వెలసిన అచల సంప్రదాయము తెలంగాణమున పండితుల యిండ్లకంటె నేతగాండ్ర, కుమ్మరుల, కమ్మరుల, రైతుల యిండ్లలో నెక్కువగ నిలిచినది. “నేను” అను ఎఱుకయే కల్లయని అచల బోధ. ఆ కల్ల తొలగిన పిదప మిగులు పరిపూర్ణమునకు వారు పెట్టిన పేరు బయలు. పండ్రెండవ శతాబ్దమున కన్నడమున అల్లమప్రభువు చేతిలోను ఈ మాటయే యున్నది. జర్మనీలో ఎక్‌హార్ట్ దైవమునందలి మౌనపు ఎడారిని గూర్చి బోధించెను. స్పెయిన్ దేశపు సిలువ యోహాను తాను గీసిన కొండ చిత్రమున శిఖరమునకు పోవు త్రోవపై “ఏమియు లేదు” అని మరల మరల వ్రాసెను. సూఫీలు ఫనా యనిరి, బౌద్ధులు శూన్యత యనిరి. ఇవన్నియు ఒకే యర్థమిచ్చునని మేమనము. శూన్యతకు, ఫనాకు నడుమ గ్రంథములు వ్రాయదగినంత దూరము కలదు. కాని ఈ మాటలాడిన ప్రతివాడును, ఆడుటకు ముందు తన యింటిని తాను కూల్చుకొన్నవాడే. ఇల్లు నిలుపుకొని బయలును గూర్చి ఉపన్యసించుట మన కాలపు నేర్పు.

మఱియొక పోలిక కలదు. దీనిని గూర్చి పండితులు తక్కువగ వ్రాసిరని మా ఫిర్యాదు. ఈ గుట్టు తఱచుగ రాజభాషలో దిగక ఇంటిభాషలో దిగినది. చక్రధరుడు మరాఠీలో బోధించెను. ఎక్‌హార్ట్ లాటినులో దిట్టయై యుండియు సామాన్యులకు జర్మనులో చెప్పెను. లల్ల కాశ్మీరీలో పలికెను. మన వేమన సంగతి చెప్పనక్కఱలేదు. నాందేడునకు ప్రక్కనున్న పరభణి జిల్లాలో గంగాఖేడు జనాబాయి ఊరు. నామదేవుని యింట దాసియై తిరుగలి విసురుచు, తనతో కూడ విసరుటకు విఠలుడు వచ్చెనని పాడుకొన్న స్త్రీ ఆమె. బీజాపురపు సూఫీలు స్త్రీలు పిండి విసురుచు పాడుకొనుటకై దక్కనీలో చక్కీనామాలు కట్టిరి. తిరుగలి పిడి నిటారుగ నుండును గనుక దానిని అల్లా పేరునకు మొదలైన అలిఫ్ అక్షరముతో పోల్చిరి. మన పల్లెలలో తిరుగలి పాటలకు కొదవ లేదు. వాని నడుమ తత్త్వములును దొర్లినవి. ఒక తిరుగలి మరాఠీ, ఒకటి దక్కనీ, ఒకటి తెలుగు. ఎవరి పిండి వారిదే, ఎవరి రొట్టె వారిదే. చేయి యలసిన కొలది “నేను” పలుచబడుట మాత్రము మూడిండ్లలోను ఒకటే. ఏ సర్వమత సమ్మేళనమును ఈ ముగ్గురిని కూర్చలేదు. తెల్లవాఱుజామున పిండి లేని యిల్లు కూర్చినది.

మరయంత్రము వచ్చినది, తిరుగలి పోయినది, పోనిండు. స్త్రీల భుజములకు విశ్రాంతి దొరకినందుకు మేము సంతోషించువారమే. పాట కూడ పోవలెనా?

ఇక విడదీయువారి మాట. వీరు ఇటీవల ఎల్లమ్మ పేరు పలుకుటకు సిగ్గుపడుచున్నారు. నలుగురిలో “రేణుకామాత” యందురు. ఇంట ముసలమ్మ “మావురాల ఎల్లమ్మ” యనినచో పిల్లలముందే దిద్దుదురు. అయ్యా, మాహూరే ఆమె నోట మావురమైనది. తెలంగాణమున జమిడిక మ్రోగు పల్లెలలో ఈ కొండ పేరు నిలిచియున్నది ఆ ముసలమ్మవలన, బవనీలవలన, బైండ్లవారివలన. తాలూకా కచేరి ఫలకమువలన కాదు. ఈ కొండను కన్నులార చూడని బైండ్లవాడును జమిడిక చేతబట్టి రాత్రంతయు ఈ కొండ తల్లి కథయే చెప్పును.

ఆ కథను, ఈ కొండమీది కథను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కొండమీది కథ యిది: సహస్రార్జునుని వలన జమదగ్ని హతుడైన పిదప పరశురాముడు తండ్రి కళేబరమును, తల్లిని కావడిలో మోసికొని వచ్చి, దత్తుని ఆచార్యకమున ఇచ్చట దహనసంస్కారము జరిపెను. రేణుక సహగమనము చేసెను. తల్లికై యేడ్చు కొడుకునకు, ఆమె భూమినుండి వెలువడును, నీవు వెనుదిరిగి చూడవలదని ఆకాశవాణి చెప్పెను. అతడాగలేక చూచెను, ముఖము మాత్రమే పైకి వచ్చి నిలిచిపోయెను. గర్భాలయమున నేటికిని ఉన్నది సిందూరము పూసిన ముఖమే. పల్లె కథ వేఱు: తండ్రి యాజ్ఞచే కొడుకు తల్లిని నఱికినపుడు ఆమెతో కూడ ఒక మాతంగి తలయు తెగినది, తండ్రి యిచ్చిన వరముచే బ్రతికించునపుడు తలలు తారుమారై అతికినవి, ఋషిపత్ని శిరస్సు మాతంగి మొండెమున నిలిచినది. కొండమీది కథలో తల యున్నది, మొండెము లేదు. ఆ మొండెము మన పల్లెలలో నున్నదని మా యూహ. తలకు మ్రొక్కి మొండెమును వెలివేయువాడు పరశురాముని మొదటి పనిని మరల చేయుచున్నాడు. రెండవ పని చేయుట లేదు.

పూనకమును గూర్చియు వీరికి ఏవగింపు కలదు. శివసత్తి ఊగినచో మోటుతనము. దర్గాలో ఖవాలీ వినుచు నొకడూగినచో “హాల్ వచ్చినది” అని మర్యాదగ ప్రక్కకు తొలగుదురు. విఠలుని భజనలో నొకడు మైమఱచినచో భక్తి. పూనకమంతయు మార్మికత యని మేమనము. అందు నటన కలదు, కడుపుకూటి యవసరము కలదు. ఖవాలీలోను కలదు, భజనలోను కలదు. కాని దినమంతయు కూలి చేసి, పేరుపెట్టి పిలువదగినంత మనిషిగ నెవరిచేతను గుర్తింపబడని స్త్రీ, ఒక రాత్రి తన పేరే మఱచి తల్లి పేరున మాటాడుటను పరీక్షింపకయే కొట్టివేయుట న్యాయము కాదు. కొలబద్ద యొకటే యుండవలెను.

విడదీయువారిలో కొందఱు గురుచరిత్రను సప్తాహముగ పారాయణము చేయువారు. సరస్వతీ గంగాధరుడు మరాఠీలో రచించిన ఆ గ్రంథమున శ్రీపాద శ్రీవల్లభుడు మన పిఠాపురమున జన్మించినవాడని ఛాతి విరుచుకొనువారును వీరే. మంచిది. ఆ గ్రంథమునందే యొక రజకుని కథ కలదు. శ్రీపాదుని సేవించిన ఆ చాకలికి రాజభోగముపై మనసు పోగా, మఱుజన్మమున బీదరులో ముసల్మాను రాజై పుట్టెను. తొడమీది పుండు మానక, గాణుగాపురమున నృసింహ సరస్వతిని వెదకికొని వచ్చెను. స్వామి అతనిని పాత సేవకునిగ గుర్తించి పలుకరించెను. బాధ తొలగినది, వెనుకటి జన్మము జ్ఞప్తికి వచ్చినది. ఏడు దినములు ఈ గ్రంథమును చదివి లేచి, ఎనిమిదవ దినమున “పీరు వారివాడు” అనుట యెట్లు సాధ్యమో మాకు బోధపడదు.

దత్తుని పేరున నడచిన త్రోవలలో ఇట్టివి ఇంకను కలవు. ఏకనాథునకు దత్తదర్శనము ఫకీరు వేషమున లభించెనని సంప్రదాయము. హుమ్నాబాదు సమీపమున మాణిక్ ప్రభువు (1817–1865) తన మార్గమునకు సకలమతమని పేరుపెట్టెను. హిందువు లాయనను దత్తావతారమనిరి, ముసల్మానులు మెహబూబ్ సుభానీ స్వరూపమనిరి. ఎవరి మాట వారిదిగనే యుండెను. శ్రీపాదుడు పుట్టిన పిఠాపురముననే సూఫీ పీఠమునకు అధిపతియైన ఉమర్ ఆలీషా (1885–1945) ఉమర్ ఖయ్యాము పారసీక పద్యములను తెనిగించెను. పోతులూరి వీరబ్రహ్మము ప్రియశిష్యుడు దూదేకుల సిద్దయ్య. మన జిల్లా కేంద్రమైన నాందేడులో 1708లో గురు గోవిందసింగు గురుత్వమును గ్రంథమునకే అప్పగించెను. ఆ గ్రంథమున మహారాష్ట్రపు నామదేవుని వాక్కులున్నవి, పంజాబు శేఖ్ ఫరీదు వాక్కులున్నవి. వీరిలో నెవ్వరును తమ మతమును పలుచన చేసికొని యెదుటివానిని చేరలేదు. ఎవరి బావిలో వారు లోతునకు దిగినవారు.

వేదికమీది వారికి ఒక్క మాట మిగిలినది. ఈ దారమున కూర్చబడినవారి పేర్లు చదివినపుడు వారి అంత్యములను కూడ చదువవలెను. సత్యము తానే యన్న హల్లాజును 922లో బాగ్దాదులో చంపిరి. ఫ్రెంచి జనభాషలో దైవప్రేమను గూర్చి పుస్తకము వ్రాసి, దానిని త్రోసిపుచ్చుటకు నిరాకరించిన మార్గరెట్ పొరేటును 1310లో ప్యారిసులో సజీవముగ దహించిరి. ఎక్‌హార్ట్ వాక్యములు కొన్నింటిని 1329లో పోపు ఖండించెను. సిలువ యోహానును 1577లో బంధించినవారు ఆయన మఠసోదరులే. చక్రధరుని రాజాధికారులే హింసించిరని మహానుభావులు చెప్పుకొందురు. బాధించినవారు పరమతస్థులు కారు, అందఱును ఇంటివారే. మతములన్నిటిలోను సమానముగ కనబడు ఈ యంశమును సర్వమత సమానత్వ వక్తలు జాబితాలో చేర్చరు. చేర్చినచో చప్పట్లు తగ్గును.

ఇంతకును మే మడుగునదేమి? మన వార్షికోత్సవములలో బవనీల కథ మోటనియు, పిల్లలకు తగదనియు, శాస్త్రీయ నృత్యము చాలుననియు ఒక వాదము బయలుదేఱినది. నృత్యముతో మాకు వైరము లేదు. కాని ఎల్లమ్మ కథకు భోజనానంతరము అందఱు కునుకుపాట్లు పడు వేళ అరగంట యిచ్చి “జానపద కార్యక్రమము” అని పేరుపెట్టుట మాకు సమ్మతము కాదు. ఆ కథ రాత్రి కథ. దానికి రాత్రి కావలెను. ఎనుబది యేండ్లు దాటిన ముసలమ్మలు మన యిండ్లలో ఇంకను కలరు; వారి నోటి తత్త్వములను, తిరుగలి పాటలను ఈ యేడే ధ్వనిముద్రణము చేయవలెను. అది చేతిలోని ఫోనుతో జరుగు పని. నిధి యక్కఱలేదు, ఉపసంఘము అసలే యక్కఱలేదు. పిల్లలు మరాఠీ బడులలో చదువుచున్నారు, తెలుగు లిపి రాదు అందురా, నాగరిలో వ్రాసి యిండు. లిపి పట్టుదల మాకును కలదు గాని, ముందు మాట నోట పడవలెను.

పిల్లలను కొండకు తీసికొనిపోవునపుడు మూడు శిఖరములును చూపి ఫోటోలు తీసికొని దిగివచ్చుట మానవలెను. మహానుభావుల స్థానమునకు పోయి, మీ దత్తునకు ఒక్క ముఖమే యెందుకని వారి ముందే అడుగనిండు. దర్గాలోని పెద్దను, మ్రొక్కుటకు, తలవంచుటకు భేదమేమని అడుగనిండు. వచ్చు సమాధానములు ఒకదానితో నొకటి కుదరవు. కుదరకపోవుటను చెవులార విన్న పిల్లవాడు మన వేదిక వక్తకంటె ఎక్కువ తెలిసినవాడగును.

వచ్చు నవరాత్రులకు సభాకార్యక్రమమును నిర్ణయించు వేళ ఈ మాటలు మరల చెప్పెదము. జమిడికవానికి వేదికపై పీట వేయుట అగౌరవమని తలచువారు తమ పేర్లు ముందుగ తెలియజేసినచో, వారికిని ఆ ప్రక్కనే యొక పీట వేయించెదము.